పక్క గదికి దారేది?

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని పెద్దల మాట. ఇంట్లోని కంప్యూటర్ల మధ్య తలెత్తే చిక్కులకు ఈ సామెత చక్కగా అమరుతుంది. సముద్రాల ఆవల ఉన్న బంధువుల ముఖాలను క్షణంలో తెరపై చూడగలుగుతున్న ఈ రోజుల్లో, గోడకు అవతలి గదిలో ఉన్న ఒక ఫైలును తెరవలేక మేము మూడు రాత్రులు జాగారం చేయవలసి వచ్చిందంటే పాఠకులు నవ్వుకోవచ్చు. మూడు దశాబ్దాలుగా కర్మాగారంలో యంత్రాల మొరాయింపులను చక్కదిద్దుతున్నవారికి ఇంట్లోని చిన్న పెట్టె ఒక లెక్కా అని మేమూ అనుకున్నాము. అలా అనుకోవడమే మా మొదటి పొరపాటు.

నేడు మన టౌన్‌షిప్‌లోని ఎన్నో క్వార్టర్లలో ఫైబర్ కనెక్షను, రూటరు, ఒకటి రెండు కంప్యూటర్లు ఉన్నాయి. పిల్లల చదువుల కాగితాలు, పెళ్లిళ్ల ఫొటోలు, పెద్దల జ్ఞాపకాలు అన్నీ వాటిలోనే దాగి ఉన్నాయి. కాబట్టి మా అనుభవం మరికొందరికి ఉపకరించగలదనే ఆశతో, చేసిన పొరపాట్లను సైతం దాచకుండా ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

హారతుల పెట్టె

మా అమ్మగారు మంగళహారతులు శ్రావ్యంగా పాడేవారు. 1989లో సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఆవిడ చేత పాడించి టేపు రికార్డరులో పట్టి ఉంచాము. 2012లో ఆ క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించాము. సకాలంలోనే ఆ పని చేశామనుకోవాలి. తరువాత రెండు వర్షాకాలాలు గడిచేసరికి టేపుకు బూజు పట్టి వినడానికి పనికిరాకుండా పోయింది. పదకొండు హారతులు, నలభై రెండు నిమిషాల నిడివి, చివరన “ఇంక చాల్లేరా” అన్న ఆవిడ మాట – ఇవన్నీ ఒకే ఒక హార్డ్‌డిస్కులో మిగిలాయి. రెండవ ప్రతి తీసి ఉంచలేదు. ఈ మాట వ్రాయడానికి సిగ్గుపడుతున్నాము.

ఆ డిస్కు మా వెనుక గదిలోని రూటరు వెనుక, యూఎస్‌బీ పోర్టుకు తగిలించి ఉండేది. ఆ రూటరును 2013లో కొన్నాము. డిస్కును కంప్యూటరుకు కాక రూటరుకు తగిలిస్తే ఇంట్లోని కంప్యూటర్లన్నీ దానిని పంచుకోవచ్చునన్న సదుపాయం అప్పట్లో మమ్మల్ని ఎంతో ఆకర్షించింది. సంవత్సరాల తరబడి ఆ ఏర్పాటు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణల సాధారణ గడువు ముగిసింది. మా పాత డెస్క్‌టాప్ విండోస్ 11కు తగినది కాదు. దీపావళికి కొత్త డెస్క్‌టాప్ కొని ముందు గదిలో పెట్టుకున్నాము. పాతదానిని గుడ్డలో చుట్టి అటక ఎక్కించాము.

మా అమ్మగారు 2024 కార్తీకంలో స్వర్గస్థులయ్యారు. 2025 నవంబరులో సంవత్సరీకానికి వారం రోజులు ఉందనగా మా తమ్ముడు ఫోను చేసి, “అన్నయ్యా, ఆ రోజు అమ్మ హారతులు అందరికీ వినిపిద్దాం. పెన్‌డ్రైవ్‌లో వేసి తీసుకురా,” అన్నాడు. అలాగేనని చెప్పి ఆ రాత్రే కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్నాము. ఇంటర్నెట్ భేషుగ్గా వస్తున్నది. డిస్కు మాత్రం ఎక్కడా కనిపించలేదు.

మొదటి రాత్రి: గుడ్డెద్దు చేలో పడినట్లు

ఆ రాత్రి మేము చేసిన పని చెప్పుకోదగినది కాదు. రూటరును ఆపి మళ్లీ పెట్టాము. పాస్‌వర్డు మార్చాము. ఫైర్‌వాల్‌ను తీసివేశాము, మళ్లీ పెట్టాము. కేబుళ్లను ఒక రంధ్రం నుండి మరొక రంధ్రానికి మార్చాము. రెండు గంటలు గడిచేసరికి మొదట ఏది ఏ స్థితిలో ఉన్నదో మాకే గుర్తు లేకుండా పోయింది. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. చెడినా ఎందుకు చెడిందో తెలియదు. షాపులో ఇదే పని ఒక ట్రైనీ చేసి ఉంటే మేము ఊరుకునేవారము కాము.

పడుకోబోయే ముందు 1990ల నాటి సంగతి జ్ఞాపకం వచ్చింది. మా కార్యాలయంలో తొలి నెట్‌వర్క్ వేసినప్పుడు ఒకే కోయాక్సియల్ కేబుల్ గదులన్నీ చుట్టి వచ్చేది. ఒక్కొక్క భాగం 185 మీటర్లకు మించరాదు. రెండు కొసలలోనూ 50 ఓముల టెర్మినేటర్లు ఉండాలి. ఎవరి కాలైనా తగిలి ఒక్క అతుకు వదులైతే ఆ వరుసలోని కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా మూగబోయేవి. అప్పుడు మా సీనియరు ఒకరు కేబుల్‌ను సరిగ్గా మధ్యలో విడదీసి, అక్కడ టెర్మినేటర్ తగిలించి, ఏ సగం బ్రతికి ఉన్నదో చూసేవారు. చెడిన సగాన్ని మళ్లీ సగం చేసేవారు. అరగంటలో దోషం దొరికేది. ఆయనకు మంత్రాలేవీ రావు. వరుస తప్పని ఓపిక ఉండేది, అంతే.

మరునాడు కాగితం, పెన్సిలు తీసుకుని ప్రశ్నలను వరుసగా వ్రాసుకున్నాము. పక్క కాలనీలోని మిత్రుని ఇంట్లో ఉన్న వస్తువు మనకు కావాలనుకుందాము. ముందు రోడ్డు ఉండాలి. క్వార్టరు నెంబరు తెలియాలి. తలుపు తట్టితే లోపల ఎవరైనా పలకాలి. పలికినవారికి మన భాష తెలియాలి. మనమెవరమో వారు గుర్తించాలి. చివరగా, బీరువా తెరవడానికి వారు అనుమతించాలి. దారి, చిరునామా, పలుకు, భాష, గుర్తింపు, అనుమతి – ఫైళ్ల పంపకంలో మెట్లు ఇవే, వరుస కూడా ఇదే. కింది మెట్టు పరీక్షించకుండా పై మెట్టు మీద కాలు పెట్టరాదు.

రెండవ రాత్రి: ఒకే ఇంట్లో రెండు కాలనీలు

మొదటి మెట్టు దారి. కేబుల్ పోర్టుల వద్ద దీపాలు వెలుగుతున్నాయి. కాబట్టి తీగలో లోపం లేదు.

రెండవ మెట్టు చిరునామా. కమాండ్ తెరలో ‘ఐపీకాన్ఫిగ్’ అని టైపు చేస్తే కంప్యూటరు తన నెంబరు చెబుతుంది. కొత్త డెస్క్‌టాప్ నెంబరు 192.168.1.7 అని వచ్చింది. వెనుక గదిలోని రూటరు నెంబరు, దాని అడుగున అంటించిన చీటీ ప్రకారం, 192.168.0.1. మూడవ అంకెను గమనించగానే కళ్లు తెరుచుకున్నాయి. ఒకటి ‘1’ కాలనీ, మరొకటి ‘0’ కాలనీ!

జరిగినదేమిటంటే, ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవారు ముందు గదిలో బిగించిన పెట్టె కూడా ఒక రూటరే. దాని వైఫై వెనుక గదికి సరిగా అందనందున మేమే ఒక కేబుల్ లాగి మా పాత రూటరులోని ‘వాన్’ అనే పోర్టుకు తగిలించాము. తత్ఫలితంగా ఇంట్లో ఒక ప్రహరీ లోపల మరొక ప్రహరీ ఏర్పడింది. పాత డెస్క్‌టాప్ వెనుక గదిలోని రూటరుకే తగిలి ఉండేది కనుక డిస్కుతో పాటు అదీ లోపలి ప్రహరీలోనే ఉండేది. ముందు గదిలోని కొత్త డెస్క్‌టాప్ బయటి ప్రహరీలో పడింది.

ఇక్కడ కొంత వివరణ అవసరం. 192.168తో మొదలయ్యే నెంబర్లను, మరి రెండు వరుసలతో పాటు, ఇళ్లలోనూ కార్యాలయాలలోనూ సొంత వాడకం కోసం ప్రత్యేకించారు. 1996 నాటి ఇంటర్నెట్ నిబంధన పత్రం దీనిని స్థిరపరచింది. బయటి ప్రపంచంలో ఈ నెంబర్లు చెల్లవు. గేటు వద్ద రూటరు నిలబడి, లోపలినుండి పోయే ప్రతి ఉత్తరం మీద తన చిరునామా వేసి పంపుతుంది. జవాబు వస్తే ఎవరిదో చూసి లోపలికి అందిస్తుంది. కాని బయటివారు తమంత తాముగా వచ్చి లోపలి క్వార్టరును అడిగితే గేటు తెరవదు. అందువల్లనే రెండు గదులలోనూ ఇంటర్నెట్ వస్తున్నది. ముందు గది నుండి వెనుక గదికి మాత్రం దారి లేదు. ఇంటర్నెట్ వస్తున్నంత మాత్రాన ఇంట్లో దారులన్నీ సవ్యంగా ఉన్నట్లు కాదన్నది ఇందులోని నీతి.

విరుగుడు కష్టమైనది కాదు. పాత రూటరు సెట్టింగులలో దాని చిరునామాను 192.168.1.2గా మార్చాము. ఆ నెంబరు ఫైబర్ పెట్టె ఇతరులకు పంచే వరుసలో లేకుండా చూసుకున్నాము. నెంబర్లు పంచిపెట్టే ‘డీహెచ్‌సీపీ’ పనిని పాత రూటరులో ఆపివేశాము. ఒక ఊరికి ఇద్దరు కరణాలు ఉండరాదు కదా! తరువాత కేబుల్‌ను ‘వాన్’ పోర్టు నుండి తీసి ‘లాన్’ పోర్టుకు మార్చాము. లోపలి ప్రహరీ తొలగిపోయింది. కొన్ని రూటర్లలో ‘యాక్సెస్ పాయింట్’ అనే మీట ఈ పనులన్నింటినీ ఒకేసారి చేస్తుంది.

మూడవ మెట్టు పలుకు. ‘పింగ్ 192.168.1.2’ అని టైపు చేయగానే నాలుగు జవాబులు వచ్చాయి. మరొక సంగతి కూడా మనవి చేయాలి. రూటర్లు సాధారణంగా పింగ్‌కు పలుకుతాయి. విండోస్ కంప్యూటర్లు తమ ఫైర్‌వాల్ కారణంగా బ్రతికి ఉండి కూడా పలకకపోవచ్చు. పలికితే దారి ఉన్నట్లే. పలకనంత మాత్రాన లేనట్లు కాదు.

ఉత్సాహంతో ఫైళ్ల తెరలో రెండు వాలుగీతలు గీసి రూటరు నెంబరు కొట్టాము. డిస్కుకు బదులు ఒక హెచ్చరిక వచ్చింది. ఈ పంపకం సురక్షితం కాదని, కాలం చెల్లిన ఎస్‌ఎమ్‌బి 1 పద్ధతి దీనికి కావాలని దాని సారాంశం. నాలుగవ మెట్టు అయిన భాష దగ్గర బండి ఆగిపోయింది.

ఒక భాష పుట్టుక, పతనం

కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి మాట్లాడుకునే భాష పేరు ‘సర్వర్ మెసేజ్ బ్లాక్’, క్లుప్తంగా ఎస్‌ఎమ్‌బి. 1980ల తొలినాళ్లలో ఐబీఎం సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ దీనికి రూపకల్పన చేశారు. తరువాత మైక్రోసాఫ్ట్ దీనిని స్వీకరించి విస్తరించింది. 1990ల ఆరంభంలో ఆస్ట్రేలియాలోని క్యాన్‌బెరాలో విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్, ఇతర కంప్యూటర్లు సైతం ఈ భాష మాట్లాడగలిగేలా ఒక ప్రోగ్రాము వ్రాసి ఉచితంగా పంచిపెట్టారు. ఎస్, ఎమ్, బి అక్షరాలు వరుసగా వచ్చే మాట కోసం నిఘంటువులో వెతికితే ‘సాంబా’ దొరికిందట. ఆ పేరే స్థిరపడింది. ఇళ్లలోని ఎన్నో రూటర్లు డిస్కును పంచిపెట్టేది ఈ సాంబా సహాయంతోనే.

2006లో విండోస్ విస్టాతో ఈ భాషకు రెండవ రూపం, 2012లో విండోస్ 8తో మూడవ రూపం వచ్చాయి. తొలి రూపానికి కాలం చెల్లిందని 2014లోనే మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. కాని అలవాటైన వస్తువును ఎవరు వదులుకుంటారు? దాని పర్యవసానం 2017 మే 12న ప్రపంచం చూసింది. ‘వాన్నాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము ఎస్‌ఎమ్‌బి 1లోని ఒక లోపం గుండా ఒక కంప్యూటర్ నుండి మరొక కంప్యూటర్‌కు తనంత తానే ప్రాకి, ఫైళ్లకు తాళాలు వేసి సొమ్ము అడిగింది. దాదాపు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకూ ఆ తాకిడి తగిలింది. విచారకరమైన విషయమేమిటంటే, ఆ లోపాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14ననే, విడుదల చేసింది. సవరణ వేసుకోని యంత్రాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి.

ఆ సంవత్సరం చివరి నుండి విండోస్ కొత్త రూపాలలో ఎస్‌ఎమ్‌బి 1ను దశలవారీగా తొలగిస్తూ వచ్చారు. 2013 నాటి మా రూటరుకు అదొక్కటే తెలుసు. కొత్త డెస్క్‌టాప్‌కు అది తెలియదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు, మాట కలవడం లేదు.

మా అబ్బాయి వచ్చి చూసి, “నాన్నా, విండోస్ ఫీచర్స్‌లో టిక్కు పెడితే ఎస్‌ఎమ్‌బి 1 వచ్చేస్తుంది. రెండు నిమిషాల పని,” అన్నాడు. వాడు చెప్పినది నిజమే. సంవత్సరీకానికి ఇంకా ఐదు రోజులే ఉంది. చేయి మౌసు మీదికి పోయింది కూడా.

అయితే ఇంటర్‌లాకును బైపాస్ చేయడం అంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు మేము చెప్పనవసరం లేదు. యంత్రం ఆగినప్పుడు, పై నుండి ఫోన్లు వస్తున్నప్పుడు, ‘ఈ ఒక్క షిఫ్టుకే’ అని ఒక చిన్న తీగ ముక్కతో ఇంటర్‌లాకును దాటవేస్తారు. యంత్రం నడుస్తుంది. ఆ తీగ ముక్క సంగతి అందరూ మరచిపోతారు. ఒక్క గంట ఎస్‌ఎమ్‌బి 1ను తెరిచినంత మాత్రాన ఇల్లు మునిగిపోతుందని మేము అనము. కాని ఆ గంట తరువాత దానిని మూసివేసేవారు ఎవరు? హారతులు వినిపిస్తాయి, డిస్కు కనిపిస్తుంది, తలుపు ఏళ్ల తరబడి తెరిచే ఉంటుంది. పైగా ఆ రూటరుకు తయారీదారు సవరణలు ఆగి చాలా కాలమైంది. కాబట్టి వేరే మార్గం చూద్దామని నిశ్చయించాము.

ఒక ప్రశ్న

వేరే మార్గం సులభంగానే తోచింది. డిస్కును రూటరు నుండి ఊడదీసి నేరుగా కొత్త కంప్యూటర్‌కు తగిలిస్తే సరిపోదా? తగిలించాము. తెరపై ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమైంది: ఈ డిస్కును వాడుకోవాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?

అప్పటికి రాత్రి పన్నెండు దాటింది. కంప్యూటర్లు అడిగే ప్రశ్నలకు అవునని నొక్కడం అలవాటైన వ్రేలు. వెనుక నిలబడి ఉన్న మా శ్రీమతి, “ఏమండీ, ఫార్మాటంటే అంతా తుడిచేయడమే కదా?” అన్నది.

వ్రేలు ఆగిపోయింది. డిస్కును భద్రంగా ఊడదీసి బల్ల మీద పెట్టి, కొంతసేపు ఏమీ మాట్లాడలేక కూర్చున్నాము. ఆ ప్రశ్న ఆవిడ అడగకపోతే, “ఇంక చాల్లేరా” అన్న మాట ఆ రాత్రితో మాకు మళ్లీ వినబడే ఆశ దాదాపు పోయేది.

కారణం తరువాత తెలిసింది. 2013లో డిస్కును మొదట రూటరుకు తగిలించినప్పుడు రూటరు దానిని తనకు అనువైన ‘ఎక్స్‌ట్4’ అనే పద్ధతిలో అమర్చుకున్నది. అది లినక్స్ వ్యవస్థలు వాడే అమరిక. విండోస్ దానిని తనంత తానుగా చదవలేదు. చదవలేనిదానిని ‘చదవలేకపోతున్నాను’ అనక, ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతుంది. డిస్కు చెడిపోలేదు, ఖాళీగానూ లేదు. దాని లిపి వేరు, అంతే. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుండి నడిపి ఇటువంటి డిస్కును చదవవచ్చు. మాకు మాత్రం అంతకన్నా దగ్గరి దారి ఇంట్లోనే దొరికింది. దానిని చూపినది కూడా మా శ్రీమతే.

మూడవ రాత్రి: అటక మీది దుబాసి

“ఆ పాత కంప్యూటర్‌లో మొన్న మొన్నటి దాకా వచ్చాయి కదా,” అన్నది ఆవిడ. నిజమే! పాత డెస్క్‌టాప్‌లోని విండోస్ 10 మొదట విండోస్ 7 నుండి మారినది. ఎస్‌ఎమ్‌బి 1ను అది రోజూ వాడుతూ ఉండటం వలన ఆ భాగం అందులో మిగిలే ఉన్నది. వరుసగా పదిహేను రోజుల వాడుక సమయంలో ఎవరూ పలకరించకపోతే ఆ భాగం తనంత తానుగా తొలగిపోతుంది; కంప్యూటర్ ఆపి ఉంచిన రోజులు లెక్కలోకి రావు. అటక మీద నిద్రపోవడం దానికి మేలే చేసింది. దానికి పాత భాషా వచ్చు, కొత్త భాషా వచ్చు. కచేరీలలో పూర్వం దుబాసీలు చేసిన పనే దాని చేత చేయించదలచాము: రూటరు నుండి పాత భాషలో తీసుకోవడం, కొత్త డెస్క్‌టాప్‌కు కొత్త భాషలో అందించడం.

ముందు జాగ్రత్తగా ఫైబర్ పెట్టెలోకి వచ్చే బయటి తీగను ఊడదీశాము. సవరణల గడువు ముగిసిన యంత్రం పని చేసినంతసేపూ ఇంట్లో ఇంటర్నెట్ ఉండరాదని మా నియమం. డిస్కును మళ్లీ రూటరుకు తగిలించి, పాత డెస్క్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి, రూటరు కొత్త నెంబరు కొట్టాము. పన్నెండేళ్ల ఫోల్డర్లు వరుసగా తెరపైకి వచ్చాయి. మొదట హారతుల ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, తరువాతనే ఊపిరి పీల్చుకున్నాము.

ఇక మిగిలిన 210 గిగాబైట్లను కొత్త డెస్క్‌టాప్‌కు చేర్చాలి. అందులో ఒక ఫోల్డరును పంపకానికి తెరిచాము. పాతది దానిని తెరవలేకపోయింది. ఈసారి కంగారు పడలేదు. మెట్లు వరుసగా చూశాము. కొత్త డెస్క్‌టాప్ మన ఇంటి నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’ అని గుర్తించి, రైల్వే స్టేషన్‌లో ఉన్నట్లు తలుపులు బిగించుకున్నది. దానిని ‘ప్రైవేట్’గా మార్చగానే తలుపు తెరుచుకుని పేరు, పాస్‌వర్డు అడిగింది. రోజూ తెర తెరవడానికి వాడే నాలుగంకెల పిన్ ఇచ్చాము, తిరస్కరించింది. పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి మాత్రమే చెల్లుతుంది. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారికి అసలు పాస్‌వర్డే కావాలి. పంపకం కోసమే ఒక ప్రత్యేక ఖాతా తెరిచి, పాస్‌వర్డు ఇచ్చి, ఆ ఫోల్డరులో వ్రాసే అనుమతి ఇచ్చాము. ఐదవ మెట్టు, ఆరవ మెట్టు కూడా దాటాము.

మా రూటరు పోర్టుల వేగం సెకనుకు 100 మెగాబిట్లు, అంటే గరిష్ఠంగా పన్నెండున్నర మెగాబైట్లు. వాస్తవంగా ఎనిమిది వచ్చాయి. ఆ లెక్కన 210 గిగాబైట్లకు ఏడు గంటలకు పైగా పడుతుంది. వైఫై మీద వదిలితే మధ్యలో తెగిపోవచ్చు కనుక అంతా కేబుల్ మీదనే నడిపి నిద్రపోయాము. తెల్లవారి లేచేసరికి పని పూర్తయింది. రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం సరిచూశాము. అక్కడక్కడా కొన్నింటిని తెరిచి చూశాము. ఆ తరువాతనే పాత డెస్క్‌టాప్‌ను ఆపి, ఇంటర్నెట్ తీగ మళ్లీ తగిలించాము.

సంవత్సరీకం నాటి సాయంత్రం మా తమ్ముని ఇంట్లో హారతులు వినిపించాము. చివరి మాట వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మా చిన్న చెల్లెలు మాత్రం, “మళ్లీ పెట్టు అన్నయ్యా,” అన్నది.

పాఠకులకు కొన్ని సూచనలు

ఇటువంటి చిక్కు ఎదురైన సోదర ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యులు ఈ క్రింది విషయాలు గమనించవలసిందిగా మనవి.

1. ఒకసారి ఒకే మార్పు చేయండి. చేసినది కాగితం మీద వ్రాయండి. ఫలితం లేకపోతే ఆ మార్పును వెనుకకు తీసుకుని తరువాతి దానికి పొండి.

2. అన్ని యంత్రాల నెంబర్లూ వ్రాసుకోండి. మొదటి మూడు అంకెల గుంపులు ఒకటిగా లేకపోతే ఇంట్లో రెండు రూటర్లు రెండు కాలనీలు నడుపుతున్నాయేమో చూడండి. నెంబరు 169.254తో మొదలైతే కంప్యూటర్‌కు చిరునామా ఇచ్చేవారే దొరకలేదని అర్థం. కేబుల్‌నో రూటరునో చూడాలి.

3. ‘గెస్ట్’ వైఫైకి కలిసిన యంత్రానికి సాధారణంగా ఇంట్లోని ఇతర యంత్రాలు కనబడవు. అది లోపం కాదు, ఏర్పాటే అంత.

4. ‘నెట్‌వర్క్’ బొమ్మలో పేరు కనబడనంత మాత్రాన నిరాశపడవద్దు. నేరుగా నెంబరు కొట్టి చూడండి. నెంబరుతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే దోషం పేర్ల పట్టికలోనే ఉంటుంది.

5. ‘నెట్ యూజ్’ ఆదేశం ఇచ్చే దోషసంఖ్యను గమనించండి. 53 అయితే దారి లేక చిరునామా దొరకలేదని. 1326 అయితే పేరు లేక పాస్‌వర్డు తప్పని. 5 అయితే గుర్తించినా అనుమతి లేదని. 1219 అయితే ఒకే యంత్రానికి రెండు పేర్లతో ఒకేసారి వెళ్తున్నారని. 384 అయితే అవతలి యంత్రానికి పాత భాషే వచ్చునని అర్థం.

6. రూటరు డిస్కుకు పాస్‌వర్డు లేకుండా ‘అతిథి’గా వెళ్లే అలవాటును మానండి. 2024లో వచ్చిన విండోస్ 11 ‘24హెచ్2’ రూపంలో, ప్రో ఎడిషన్ వంటి వాటిలో, అతిథి ప్రవేశం మొదటి నుండే మూసి ఉంటుంది. రూటరులో పేరు, పాస్‌వర్డు పెట్టుకోవడమే సరైన పద్ధతి.

7. రూటరు సెట్టింగులలో ఎస్‌ఎమ్‌బి 2 లేక 3 ఎంచుకునే వీలున్నదేమో, తయారీదారు కొత్త సవరణ ఇచ్చారేమో చూడండి. లేకపోతే పాత భాషను తెరవడం కన్నా ఫైళ్లను వేరే చోటికి మార్చడం మేలు.

8. ‘ఫార్మాట్ చేయమంటారా’ అన్న ప్రశ్నకు, కారణం తెలిసేవరకు, జవాబు ‘వద్దు’ అనే ఉండాలి.

9. విలువైన వాటికి మూడు ప్రతులు ఉండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. రూటరు వెనుక ఒక్క డిస్కు ఉన్నంత మాత్రాన అది భద్రత కాదు.

ప్రస్తుతం మా ఫైళ్లు కొత్త డెస్క్‌టాప్‌లో ఒకటి, బీరువాలోని డిస్కులో ఒకటి, మా తమ్ముని ఇంట్లో ఒకటి – మూడు ప్రతులుగా ఉన్నాయి. పాత రూటరు వెనుక గదికి వైఫై అందించే పనికి మాత్రమే పరిమితమైంది. అదీ కొత్తది కొనేవరకే. ఇక ఆ పాత డెస్క్‌టాప్‌ను తిరిగి అటక ఎక్కించబోతుండగా మా శ్రీమతి దాని మీది దుమ్ము మరొకసారి తుడిచి, ఈసారి కొంచెం మంచి గుడ్డలో చుట్టింది.